ప్రేయర్‌కు రండి

అమ్మ క్రిస్మస్ చీర కట్టుకుని వచ్చింది, అక్కడే నా నోరు పడిపోయింది. ఇంట్లో కట్టే పాత చీరలో, జుట్టుకు నూలు దుమ్ము అంటుకుని, ఎప్పటిలా వచ్చి ఉంటే ఆటో దిగగానే చెప్పేసేదాన్ని, నిజంగా చెప్పేసేదాన్ని, అమ్మా, సార్ పిలిచింది బహుమానానికి కాదు, నా హాజరు తక్కువైంది, నన్ను పరీక్షలు రాయనివ్వరట, ఈ ఏడాది పోయినట్టేనట అని. పొద్దున బస్సులో ఆ మాటలు వల్లె కూడా వేసుకున్నాను. కానీ ఆ క్రీమ్ రంగు చీర, ఆ ఎర్ర అంచు, పక్కింట్లో అడిగి తెచ్చుకున్న హ్యాండ్‌బ్యాగు, మెడ మీద చెమటకు చారలు కట్టిన పౌడరు, చంకలో పేపరు చుట్టి దారంతో కట్టిన చిన్న జంపఖానా. ప్రిన్సిపాల్ సార్‌కు ఇమ్మని డాడీ నేశాడట. ఇంకేం చెప్పను? ఇప్పుడు సార్ గది ముందు బెంచీ మీద ఇద్దరం పక్కపక్కన కూర్చున్నాం. "కూసోండ్రి అక్కా, సార్ అన్నం తింటాండు, అయినంక పిలుస్తడు," అని చెప్పి అటెండర్ సదానందం అన్న తన స్టూలు మీద గోడకు ఆనుకుని కళ్లు మూసుకున్నాడు. ఈ లా కాలేజీలో అన్నం తినడమంటే గంట పని. ఆ గంటలో నేను చెప్పాలి, లేకపోతే లోపల సార్ చెబుతారు, అమ్మ ఆ చీరలో, ఆ జంపఖానా చేతుల్లో పట్టుకుని నిలబడి వింటుంది.

డిటెయిన్. నోటీసులో నా పేరు పక్కన రాసిన ఆ మాట ముందు రాజ్యాంగం క్లాసులో విన్నాను, నేను వెళ్లిన కొద్ది క్లాసుల్లో అదొకటి. మనిషి ఇంకా ఏ నేరమూ చేయకముందే ప్రభుత్వం పట్టుకుపోయి లోపల పెట్టొచ్చట, కానీ ఎందుకు పెట్టిందో కారణం చెప్పాలట. మా కాలేజీది అంతా తలకిందులు, లోపల పెట్టదు, బయట నిలబెడుతుంది. కారణం మాత్రం చెప్పింది, నోటీసు బోర్డు మీద ఊరందరికీ కనిపించేలా చెప్పింది. నాకంటే ముందు నా స్నేహితురాలు దీప్తి చూసి పరుగెత్తుకొచ్చి, "ఏయ్, పేరెంట్‌ను తీసుకరమ్మన్నరే. మీ అమ్మ జర సార్ కాళ్ల మీద పడితే కరుగుతడేమో," అంది. ఆ సాయంత్రం కొత్తవాడలో మా గల్లీ ఎప్పటిలాగే ఉంది, ఇంటింటా మగ్గాల చప్పుడు, మా ఇంట్లో డాడీ మగ్గం మీద, పక్కన అమ్మ చరఖా తిప్పుతూ కండెలు చుడుతోంది. "అమ్మా, ప్రిన్సిపాల్ సార్ నిన్ను రమ్మంటాండు," అన్నాను. అంతే అన్నాను. అమ్మ చరఖా ఆపి, "నన్నా? మళ్ల కప్పు గెలిచినవా బిడ్డా?" అంది. నేను ఊపిరి పీల్చుకునే లోపే డాడీ వైపు తిరిగి, "ఇన్నవా, పిల్ల ఈసారి మనల్ని గూడ స్టేజి మీదికి పిలిపిస్తాంది," అనేసింది. డాడీ మగ్గం ఆపాడు. చావుకబురు వస్తే తప్ప మా డాడీ నడుస్తున్న మగ్గం ఆపడం నేను చూడలేదు. ఆపి, నా ముఖంలోకి చూసి, నవ్వి, మళ్లీ మొదలుపెట్టాడు.

ఊరికే నోరు మూసుకుని ఉన్నంత మాత్రాన మోసం కాదు. కాంట్రాక్ట్ చట్టం అంటుంది ఆ మాట, నేను అనడం లేదు. కానీ అక్కడితో ఆగదు కదా, చట్టానికి ఎప్పుడూ ఒక తోక ఉంటుంది, మాట్లాడాల్సిన బాధ్యత ఉన్న మనిషి మాట్లాడకపోతే మాత్రం మోసమేనట, కొన్నిసార్లు మౌనం కూడా మాటే అవుతుందట. ఆ క్లాసు నేను వినలేదు, ఆ రోజు నేను సెమినార్ హాల్లో యూత్ ఫెస్టివల్ కోసం బృందగానం రిహార్సల్లో ఉన్నాను, దీప్తి చెబితే విన్నాను. మొత్తం కాంట్రాక్ట్ చట్టంలో నాకు వచ్చిన ముక్క అదొక్కటే, అది కూడా నా మెడకే చుట్టుకుంది. ఇంటికి వెళ్లి చదువుదాంలే అనుకున్నవి ఎన్ని ఉన్నాయో. టార్ట్స్ అని, నష్టపరిహారం కేసుల చట్టం, ఆ పుస్తకం ఒకసారి తెరిచాను, ఒక వాక్యం పేజీ పై నుంచి కింది దాకా ఉంది, కర్త ఎక్కడో క్రియ ఎక్కడో, మధ్యలో నాకు తెలియని ఇంగ్లీషు మాటలు, ప్రతి మాటకూ ఫోను తీసి అర్థం చూసుకుని తిరిగి వచ్చేసరికి వాక్యం మొదలే మరిచిపోయాను. తెలుగు మీడియం పిల్లనయ్యా నేను. ఆ సంగతి క్లాసులో ఎవరికీ తెలియకూడదని వెనక బెంచీలో కూర్చునేదాన్ని. ఆ క్లాసులో నేను ఎవరికీ కనపడని మనిషిని, సార్ ప్రశ్న అడిగితే పెన్ను కింద పడేసుకుని వంగేదాన్ని.

స్టేజి మీద అలా కాదు. స్టేజి మీద నేను కీర్తనను. మైకు ముందుకు వెళితే చాలు నా వెన్ను దానంతట అదే నిటారవుతుంది, అది సండే స్కూలు అలవాటు, బైబిలు వాక్యం తప్పులేకుండా అప్పజెప్పినవాళ్లకు స్టీలు డబ్బా ఇచ్చేవారు, మా ఇంట్లో ఉప్పు పప్పు అన్నీ నేను గెలిచిన డబ్బాల్లోనే ఉంటాయి. కాబట్టి కాలేజీలో చేరిన కొత్తలో పోటీలు, ప్రోగ్రాములు చూసుకునే శ్రీలత మేడం వచ్చి, "మాట్లాడేవాళ్లు ఎవరున్నారు?" అని అడగగానే చెయ్యి లేపేశాను. ఎంత పని చేశావే చెయ్యీ! అక్కడి నుంచి ఇక ఆగింది లేదు. డిబేట్, వీధి నాటకం, రఘునాథపల్లి దగ్గర ఒక ఊళ్లో న్యాయ అవగాహన శిబిరం, ఫెస్టివల్‌లో పాట, ఆ పైన మూట్ కోర్టు. "లాయర్ కావాలంటే ఇవన్నీ చేయాలమ్మా, పుస్తకం చదివినోళ్లంతా లాయర్లు కాలేదు," అనేది మేడం, ఆ మాట నాకు ఎంత చల్లగా తగిలిందో చెప్పలేను, పుస్తకం చదవలేని దానికి అంతకంటే మంచి కబురు ఏముంటుంది? హాజరు గురించి అడిగితే, "ఆన్ డ్యూటీ ఇస్తారు, క్లాసుకు వచ్చినట్టే లెక్క, ఫికర్ చేయకండి," అంది. ఇచ్చారు కూడా. పోటీ జరిగిన రోజులకు ఇచ్చారు. రిహార్సళ్లకు ఇవ్వరని మాకు ఎవరూ చెప్పలేదు, నేనూ అడగలేదు. రిహార్సళ్లు ఎప్పుడూ కాంట్రాక్ట్ క్లాసు టైముకే ఉండేవి. ఉండేవి అంటే, ఆ టైముకు పెట్టమని అడిగింది నేనే, ఎందుకు దాచడం, ఆ క్లాసు తప్పించుకోవడానికే.

"ఫోటో గిట్ల తీస్తరా బిడ్డా?" అమ్మ చెంగుతో మెడ తుడుచుకుంటూ అడిగింది. నేను ఏమో అన్నాను. "తీస్తే డాడీకి పంపు. ఆయన గూడ వస్త అన్నడు, ఎల్లుండి మాల్ ఇయ్యాలె గదా, రాలేకపోయిండు." జంపఖానా పేపరు ఒక మూల విప్పి చూపించింది, లోపల నీలం చారలు, మూలన మెరూన్ రంగులో చిన్న పువ్వు. "సార్ కుర్చీ కింద పరుసుకుంటడని నేసిండు. కాళ్లకు మంచిగుంటది. గీ పువ్వు ఆయన ఎవ్వలకు ఎయ్యడు, షాపోల్లు అడిగినా ఎయ్యడు." నేను బాగుంది అన్నాను. అమ్మ అంతటితో ఊరుకుంటే బాగుండు, సదానందం అన్న కళ్లు తెరవడం చూసి, "ఏం బహుమానం ఇస్తాండ్రు తమ్మీ? కప్పా, షీల్డా?" అని అడిగింది. సదానందం అన్న నావైపు చూశాడు. నోటీసు బోర్డుకు ఆ కాగితం అంటించింది ఆయనే. చూపు తిప్పుకుని, "నాకెర్క లేదు అక్కా, సారే చెప్తడు," అని లేచి కుండలో నీళ్లు ఉన్నాయో లేవో చూడటానికి వెళ్లిపోయాడు. ఆ మనిషికున్న సిగ్గు నాకు లేకపోయింది. చెప్పు, ఇప్పుడు చెప్పు, కీర్తనా, ఇప్పుడు ఎవరూ లేరు, వరండా ఖాళీగా ఉంది, చెప్పవే. అమ్మ పేపరు మళ్లీ జాగ్రత్తగా చుట్టి దారం ముడి వేస్తోంది.

కానీ నేను తిరిగి క్లాసుకు వెళ్లి ఉంటే సరిపోయేది, హాజరు ఇంత కిందికి పోయేది కాదు, మూట్ కోర్టు తర్వాత కూడా టైముంది, దీప్తి మొత్తుకుంది. మూట్ కోర్టు. అది తలుచుకోకూడదు అనుకుంటాను, అదే వస్తుంది. ఉత్తుత్తి కోర్టు, ఉత్తుత్తి కేసు, ఉత్తుత్తి జడ్జీలుగా బయటి నుంచి వచ్చిన నిజం లాయర్లు, నల్ల కోట్లు, నేను దీప్తి వాళ్ల అన్న కోటు వేసుకున్నాను, చేతులు మడిచి లోపలికి పిన్నులు పెట్టుకున్నాను. వాదన అంతా ఇంగ్లీషులో. ముందు రాత్రంతా అద్దం ముందు బట్టీ పట్టాను, అర్థమై కాదు, వాక్యం అప్పజెప్పినట్టు. బాగానే వెళ్లింది, నడుమ జడ్జీ ఒక ప్రశ్న అడిగేదాకా. ఆ ప్రశ్న కాంట్రాక్టుల గురించి. ఏ క్లాసు నేను తప్పించుకున్నానో ఆ క్లాసు వచ్చి నల్ల కోటు వేసుకుని నా ఎదురుగా కూర్చుంది. బట్టీ పట్టిందంతా ఎగిరిపోయింది. టైము అయిపోయిందని వెనక గంట కొట్టారు. హాలంతా నన్నే చూస్తోంది. అప్పుడు ఆ పెద్దాయన, పాపం జాలిపడే అన్నాడు, "ఇట్స్ ఓకే, కౌన్సెల్. కమ్ టు యువర్ ప్రేయర్." లాయరు గారూ, మీ ప్రేయర్‌కు రండి అని. కోర్టులో ప్రేయర్ అంటే వాదన ముగించి, మాకు ఫలానాది ఇప్పించండి అని అడగడం, పిటిషన్‌లో ఆఖరి ముక్క, అది నాకు తెలుసు, మేడం ఎన్నిసార్లు చెప్పింది. తెలుసు. కానీ ఆ క్షణంలో నాకు వినిపించింది మా చర్చిలో వినిపించే ప్రేయర్. పుట్టినప్పటి నుంచి ఎవరైనా ప్రేయర్ అంటే నా చేతులు ఏం చేస్తాయో అవి అదే చేశాయి. కళ్లు మూసుకున్నాను, తల వంచాను, చేతులు జోడించాను, "ప్రేమగల మా పరలోకపు తండ్రీ," అన్నాను. మైకులో. గట్టిగా. స్పష్టంగా. సండే స్కూలు గొంతుతో.

ఒక క్షణం ఎవరికీ ఏమీ అర్థం కాలేదు. ఆ తర్వాత వెనక వరస నుంచి ఎవడో "ఆమేన్!" అని అరిచాడు. ఇక హాలు హాలంతా విరగబడి నవ్వింది. జడ్జీలు కూడా నవ్వారు, ఆ జాలిపడ్డ పెద్దాయన కర్చీఫు అడ్డం పెట్టుకుని మరీ నవ్వాడు. శ్రీలత మేడం నవ్వలేదు, తల పట్టుకుంది, అది ఇంకా నయమా? మర్నాడు గేటు దగ్గర "ఆమేన్ వస్తాంది రా," అన్నారు. క్యాంటీన్లో ఆమేన్, లైబ్రరీ మెట్ల మీద ఆమేన్, పేరు కూడా అవసరం లేకుండా పోయింది. క్లాసులో సార్ హాజరు పిలుస్తూ కీర్తన అనగానే నేను నోరు తెరిచేలోపే వెనక నుంచి ఆమేన్ అని పలికారు. ఆ రోజు తర్వాత నేను క్లాసుకు వెళ్లలేదు. రోజూ ఇంట్లో బయలుదేరాను, అమ్మ టిఫిన్ డబ్బా ఇచ్చింది, బస్సెక్కాను, లైబ్రరీలో చివరి బల్ల దగ్గర ఒకే పేజీ తెరిచి పెట్టుకుని సాయంత్రం దాకా కూర్చున్నాను. పుస్తకం నాది కాదు, ముందే తెలుసు. స్టేజి ఒక్కటే నాదనుకున్నాను, అదీ పోయింది. "బ్యాలెన్స్ చేసుకోవాలమ్మా," అంది శ్రీలత మేడం మొన్న నోటీసు చూశాక, ఎంత తేలిగ్గా అంది. దీప్తి చేసుకుంది. దీప్తి డిబేట్లో మాట్లాడింది, మార్కులూ తెచ్చుకుంది, కాబట్టి చేసుకోవచ్చు, అది మనుషులకు సాధ్యమే, నాకే చేతకాలేదు. నిజానికి నేను రెంటినీ మోయబోయి పడిన దాన్ని కూడా కాదు, ఒకదాని నుంచి పారిపోయి రెండోదాంట్లో దాక్కున్నదాన్ని. ఎవరి మీద కోపపడను? వచ్చే ఏడు కొత్తగా చేరిన పిల్లల పక్కన మళ్లీ ఇదే మొదటి పాఠం, ఇదే వెనక బెంచీ, నాకంటే చిన్నవాళ్లు కూడా అదే పేరుతో పిలుస్తారు. ఈ బెంచీ నోరు తెరిచి నన్ను మింగేస్తే బాగుండు. అమ్మను మాత్రం మింగకుండా.

అసలు అమ్మకు ఈ సంగతి తెలిస్తే ఏమనేది? ప్రేయర్ అనగానే ప్రార్థన చేసింది నా బిడ్డ, అందులో నవ్వడానికేముంది, అనేది. నిజంగానే అనేది, అంతటితో ఊరుకునేదా, చర్చిలో స్త్రీల సమాజం ముందు లేచి సాక్ష్యం కూడా చెప్పేది, నా బిడ్డ కోర్టులో సైతం ప్రభువును మరువలేదు అని. ఆ రోజే ఇంటికి వెళ్లి చెప్పి ఏడ్చి ఉంటే. చెప్పలేదు. ఇంట్లో నేను కప్పులు తెచ్చే పిల్లను, టీవీ మీద జాగా చాలక డాడీ గోడకు చెక్క కొట్టించాడు. ఏడ్చే పిల్లను ఆ చెక్క మీద ఎక్కడ పెట్టుకుంటారు?

లోపల టిఫిన్ క్యారియర్ గిన్నెలు ఒకదాని మీద ఒకటి పెడుతున్న చప్పుడు. కుళాయి విప్పారు. సార్ చేతులు కడుగుతున్నట్టున్నారు. అమ్మ కూడా ఆ చప్పుడు విని సర్దుకుని కూర్చుంది. "బిడ్డా, లోపలికి పోయే ముందు జర ప్రార్థన చేస్కుందాం," అంది. "ఇక్కడనా?" అన్నాను. "ఇక్కడైతే ఏమాయె? దేవుడు ఇచ్చిన దానికి వందనాలు చెప్పి తీస్కోవాలె. నువ్వే చెయ్యి. నీ నోట మంచిగుంటది." నేను వద్దన్నాను, నువ్వే చెయ్యమన్నాను, తలనొప్పి అన్నాను. అమ్మ అప్పటికే చెంగు తల మీదికి లాక్కుని కళ్లు మూసేసుకుంది. తల వంచి ఎదురుచూస్తోంది. మూట్ కోర్టు తర్వాత నేను ప్రార్థన చేయలేదు, ఇంట్లో పెదవులు ఆడించానే గాని ఒక్క మాట కూడా లేదు, ఆ మొదటి మాట దగ్గరే వెనక నుంచి నవ్వు వినిపిస్తుంది. వరండా చివర సదానందం అన్న కుండ మూత పట్టుకుని నిలబడిపోయాడు. నేను కళ్లు మూసుకున్నాను. మూసుకుంటేనే చెప్పగలనని అప్పుడు తెలిసింది, అమ్మ కళ్లు కూడా మూసే ఉన్నాయి కాబట్టి.

"ప్రేమగల మా పరలోకపు తండ్రీ," అన్నాను.

"స్తోత్రం తండ్రీ," అంది అమ్మ, ఎప్పటిలాగే, నా మాట వెనకే.

"ఈ దినము వరకు మమ్మును కాపాడినందుకు నీకు వందనములు."

"వందనాలు ప్రభువా."

"మా అమ్మను క్షేమముగా ఇక్కడికి తెచ్చినందుకు వందనములు."

"అవును తండ్రీ."

"ప్రిన్సిపాల్ సార్ మమ్ముల పిలిచిండు ప్రభువా."

"స్తోత్రం. స్తోత్రం తండ్రీ."

"బహుమానానికి కాదు తండ్రీ."

"స్తో..."

అక్కడ ఆగిపోయింది. నేను ఆగలేదు, ఆగితే మళ్లీ మొదలుపెట్టలేను. "నేను క్లాసులకు పోలే తండ్రీ. మొదాల స్టేజీల కోసం పోలే, తర్వాత సిగ్గుకు పోలే. పొద్దున లేచి పోతాన అని డబ్బా కట్టించుకొని పోయి లైబ్రరీల కూసున్న. నన్ను పరీక్ష రాయనిస్తలేరు. ఈ సంవత్సరం పోయింది తండ్రీ. కప్పు వచ్చిందా అని అమ్మ అడిగితే ఊకున్న. నాకు చెప్ప రాలే. డాడీ మగ్గం ఆపిండు, అమ్మ క్రిస్మస్ చీర కట్టుకొని వచ్చింది..." మా ప్రార్థనలకు ఒక ముగింపు ఉంటుంది, నీ కుమారుని నామమున అడిగి వేడుకొనుచున్నాము అనాలి, అప్పుడు అందరూ ఆమేన్ అంటారు, చిన్న పిల్లలకు కూడా వచ్చు. నాకు ఏం అడగాలో తెలియలేదు. అడగడానికి ఏమీ మిగల్లేదు. నేను కళ్లు తెరవలేదు.

"కీర్తన పేరెంట్ రాండ్రి," అని సదానందం అన్న గుమ్మం దగ్గరికి వచ్చి మెల్లగా పిలిచాడు.

కళ్లు తెరిచి చూస్తే అమ్మ ఎదుటి గోడను చూస్తోంది. ముఖంలో కోపం లేదు, ఉంటే బాగుండేది. "ఏడాది మొత్తం పోయినట్టేనా?" అని అడిగింది. తలూపాను. "ఎవ్వలన్న ఏమన్నరా నిన్ను, సిగ్గు అన్నవ్?" అమ్మ జంపఖానా తీసి నా ఒళ్లో పెట్టింది, చుట్టిన పేపరు అమ్మ చేతుల చెమటకు తడిసి ఉంది. "నువ్వు గిక్కడనే కూసో," అని లేచింది. తల మీది చెంగు తీయలేదు. మా ఆడవాళ్లు ఆమేన్ అన్నాకే చెంగు తీస్తారు. అలాగే, ముసుగుతోనే, గుమ్మం దగ్గర చెప్పులు విడిచి లోపలికి వెళ్లింది.

తలుపుకు తెర మాత్రమే ఉంది, అన్నీ వినిపిస్తున్నాయి. "రండమ్మా, కూర్చోండి," అన్నారు సార్. కుర్చీ చప్పుడు కాలేదు. "చూడండమ్మా, మీ అమ్మాయి తెలివైందే, బాగా మాట్లాడుతుంది. కానీ హాజరు లేకపోతే నేనేం చేయగలను, రూల్స్ నా చేతిలో లేవు. రోజుకు ఇద్దరు ముగ్గురు తల్లిదండ్రులు వచ్చి ఏడుస్తున్నారు." కాగితాలు తిప్పిన చప్పుడు. అమ్మ దీప్తి చెప్పినట్టు కాళ్ల మీద పడుతుందేమో, వద్దమ్మా, పడకు. జంపఖానాను కడుపుకు నొక్కుకుని కూర్చున్నాను. "సరే," అన్నారు సార్, విసుగు లేకుండానే అన్నారు, "ఇంతకీ మీరు ఏం అడగడానికి వచ్చారో చెప్పండి."

కౌన్సెల్, కమ్ టు యువర్ ప్రేయర్. నా చేతులు వాటంతట అవే ఒకదాన్నొకటి పట్టుకున్నాయి.

"అడిగేటందుకు ఏం లేదు సార్," అంది అమ్మ. "నా బిడ్డకు బహుమానం ఇస్తరనుకొని వచ్చిన."

ఈసారి ఎవరూ నవ్వలేదు.